మా చెల్లె హోమ్‌మేకర్ కాదు

మా చెల్లె కూతురు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నది. పోయిన సెలవుల్లో నా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చింది. 'మామూ, జర దేఖో. ఇంగ్లీషు సరిగ్గున్నదా చూసి చెప్పు' అన్నది. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం 'అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ స్కిల్స్' క్లాసులో రాయించిన స్వపరిచయం అది. 'మీ గురించి చెప్పండి' అని అడిగితే నిమిషంన్నరలో ఒప్పజెప్పాల్సిన పాఠం.

ఇంగ్లీషు బాగానే ఉంది. దిద్దటానికి నాకేమీ దొరకలేదు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. 'మై మదర్ ఈజ్ ఎ హోమ్‌మేకర్' అని ఉంది. పిల్ల మొదట రాసుకున్న మాట ఎర్ర సిరా గీత కింద ఇంకా కనబడుతూనే ఉంది - 'బీడీ వర్కర్'. గీత కొట్టిన చెయ్యే పైన 'హోమ్‌మేకర్' అని రాసింది. తండ్రి సంగతీ అంతే. మా చెల్లె భర్త స్కూటర్ మెకానిక్. కాగితంలో ఆయన 'ఆటోమొబైల్ రంగంలో' ఉన్నాడు.

మా చెల్లె పదకొండో ఏట నుంచి బీడీలు చుడుతున్నది. రాత్రి తునికాకు తడిపి పెట్టుకుంటుంది. పొద్దున ఫజర్ నమాజు కాగానే చాట ఒళ్లో పెట్టుకుని కూచుంటుంది. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి, ఇరవై ఐదింటిని ఒక కట్ట చేయాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని కార్ఖానావాడు పక్కన పడేసినవి లెక్కలోకి రావు. ఆమెకు పీఎఫ్ నంబరుంది. బీడీ కార్మికురాలని గుర్తింపు కార్డుంది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది కాబట్టి, ఆ కార్డు జిరాక్సు పెట్టి ఈ పిల్ల హైస్కూల్లో స్కాలర్‌షిప్పు తీసుకున్నది. ప్రభుత్వ కాగితంలో కార్మికురాలుగా ఉన్న మనిషి, కన్నబిడ్డ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ పని లేని మనిషయింది. ఇంటిపని పని కాదా అని స్త్రీవాద మిత్రులు అడగొచ్చు. ఎందుకు కాదు? అదీ చేస్తుంది. రెండూ చేస్తుంది. రెండోదాన్ని ఎవరు కొట్టేశారనేదే నా ప్రశ్న.

ఇంగ్లీషు మీద నాకు కోపం లేదు. మొదటే చెప్తున్నాను, ఎందుకంటే ఈ వ్యాసాన్ని 'మాతృభాషాభిమానం' ఖాతాలో వేసుకోవాలని చూసేవాళ్లు ఉంటారు. మా పిల్లలకు ఇంగ్లీషు కావాలి. కొంచెం కాదు, చాలా కావాలి. ఇరవై ఏళ్లు, ఆపైబడిన జనాభాలో డిగ్రీయో డిప్లొమానో ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 7 శాతం ఉంటే ముస్లింలలో 4 శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. ఆ మరుసటి ఏడు, 2007లో, మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చాక మెకానిక్కుల పిల్లలు, బీడీలు చుట్టేవాళ్ల పిల్లలు, పండ్ల బండ్లవాళ్ల పిల్లలు ఇంజనీరింగు కాలేజీల గడప తొక్కారు. సీటు దొరికింది. నోరు తెరవటం దగ్గర మళ్లీ ఆగిపోయారు. ఆ నోరు తెరిపించటానికని పెట్టిన క్లాసులో ఏం నేర్పుతున్నారో చూడాల్సిన బాధ్యత మనకు లేదా?

ఆ క్లాసు పుస్తకం కూడా అడిగి తెప్పించుకుని చదివాను. మందమైన అట్ట, మెరిసే కాగితం. సంభాషణలు ఎయిర్‌పోర్టులో, హోటలు రిసెప్షన్‌లో, కంపెనీ బోర్డు మీటింగులో జరుగుతాయి. రేషను షాపు లేదు. హాస్టలు వార్డెన్ లేడు. స్కాలర్‌షిప్పు ఎందుకు రాలేదని అడగటానికి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ విద్యార్థి ఎక్కడా లేడు. గైడును కాదని ఒక మాట చెప్పాల్సి వచ్చిన రీసెర్చి విద్యార్థీ లేడు. విశేషం ఏమిటంటే బస్టాండుల్లో అమ్మే 'ముప్పై రోజుల్లో ఇంగ్లీషు' రకం పుస్తకాలే ఈ విషయంలో నయం. వాటికి చదివేవాడు ఎవడో తెలుసు. అద్దె ఎంత, బియ్యం ధర ఎంత, నా జీతం ఎందుకు కోశారు - ఇట్లాంటి వాక్యాలు వాటిలో ఉంటాయి. యూనివర్సిటీ పుస్తకం మాత్రం ఏ ఊరూ, ఏ కులమూ, ఏ మతమూ లేని ఒక మనిషిని ఊహించుకుని రాసింది. అట్లాంటి మనిషి ఎక్కడుంటాడు? వెతికితే దొరుకుతాడు - ఇంట్లో ఇంగ్లీషు పేపరు పడే, తండ్రికి కార్డు మీద అచ్చయిన హోదా ఉన్న, పేరు చెప్పగానే ఎవరూ రెండోసారి చూడని మనిషి. అతనికి కులం లేదనీ మతం లేదనీ మనం అనుకుంటాం, అంతే.

ఇక సలహాలు. 'ఇంగ్లీషులోనే ఆలోచించు.' 'ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడు.' మా చెల్లెతో ఇంగ్లీషులో మాట్లాడమంటే ఆ పిల్ల తిండి ఎట్లా అడగాలి? 'రోజూ హిందూ చదువు.' నా కాలంలోనూ ఇదే చెప్పేవాళ్లు. ఇంగ్లీషు రావాలంటే హిందూ చదవాలి అని ముస్లిం కుర్రాడికి చెబితే ఒక క్షణం తనలో తాను నవ్వుకోక తప్పదు. సరే, చదివాం, మేలే జరిగింది. అన్నిటికంటే పెద్ద సలహా - 'మాతృభాష ప్రభావాన్ని వదిలించుకో.' దీనికి కాల్ సెంటర్ల శిక్షణలో ఎంటీఐ అని పొట్టి పేరు కూడా పెట్టారు, రోగానికి పెట్టినట్టు.

మార్కులు వేసే పట్టిక ఒకటి ఉంది. కళ్లలోకి చూడటం, చిరునవ్వు, గట్టిగా చేయి కలపటం. నకిలీ ఇంటర్వ్యూలో మా పిల్ల మగ పరీక్షకుడికి చేయి ఇవ్వకుండా తల వంచి ఆదాబ్ చెప్పింది. ఆత్మవిశ్వాసం కింద రెండు మార్కులు పోయాయి. హిజాబ్ కట్టుకుని, ఇంట్లో మొదటిసారి ఊరు దాటి, హాస్టలు గదిలో ఒంటరిగా ఉండి స్టాటిస్టిక్స్ చదివే పిల్లకు ఆత్మవిశ్వాసం లేదని తేల్చారన్నమాట!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను నిజామాబాదు జిల్లాలో తెలుగు మీడియంలో డిగ్రీ దాకా చదివి, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, ఎమ్మే రాజనీతిశాస్త్రానికి హైదరాబాదు వచ్చినవాణ్ని. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చారు. క్లాసులు మళ్లీ మొదలయ్యాక సెక్యులరిజం మీద సెమినార్ పెట్టారు. రెండు రాత్రులు కూచుని నోట్సు రాసుకున్నాను. రాజ్యం తటస్థంగా ఉంటుందని అంటారు గదా, ఇద్దరు కొట్లాడుకుంటున్నప్పుడు బలమున్నవాడి పక్కన ఊరకే నిలబడటాన్ని తటస్థత అనొచ్చా అని అడగాలనుకున్నాను. లేచాను. 'ది ఇస్టేట్...' అన్నాను. గది నవ్వింది. సారు మంచివాడే, పెద్ద అభ్యుదయవాది, చిరునవ్వుతోనే అడిగాడు - 'స్టేటా, ఎస్టేటా?' ఇంకా నవ్వారు. నేను కూచున్నాను. సెక్యులరిజం మీద ఆ రోజు చాలామంది బ్రహ్మాండంగా మాట్లాడారు. గదిలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం బెంచీ మీద పెన్ను మూత తీస్తూ పెడుతూ కూచున్నాడు. ఆ రోజు ఆ సభలో సెక్యులరిజం గెలిచిందనే అందరూ అనుకుని ఉంటారు.

'ఇస్టేట్' ఎక్కడి నుంచి వచ్చింది? ఉర్దూ మాట్లాడే నోటికి మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావటం అలవాటు లేదు. ముందు ఒక 'ఇ' పెట్టుకుంటుంది - ఇస్కూల్, ఇస్టేషన్. తెలుగు నోరు వేరే పని చేస్తుంది, చివర అచ్చు చేరుస్తుంది - బస్సు, కారు, పెన్ను. నాతో నవ్వినవాళ్లలో సగం మంది 'జూ'ను జడలో 'జ'తో, 'ఫీజు'ను పండులో 'ప'కు ఒత్తిచ్చి పలికేవాళ్లే. మాకు ఆ రెండు ధ్వనులూ అయాచితంగా వచ్చాయి - నమాజులో, ఫజర్‌లో, జిందగీలో ఉన్నాయి. ఎంటీఐ అని రోగం పేరు పెట్టినవాళ్లు ఈ లాభాన్ని లెక్కలో వేశారా? వేయలేదు. మాతృభాష తీసుకొచ్చిన తప్పులకే పేరుంది. అది తెచ్చిన సాయానికి పేరు లేదు.

పైగా నవ్వులు మాకు కొత్త కాదు. ఉత్తరాదివాళ్లు మా దక్కనీని చూసి నవ్వుతారు - మేము 'ఖాఫ్' అంటామని, గొంతు లోపలి నుంచి రావాల్సిన ధ్వని మా దగ్గర 'ఖ' అవుతుందని. మా 'నక్కో', మా 'హౌ' వాళ్లకు తమాషా. (తెలుగువాళ్లు 'ఖురాన్' అనీ 'ఖాజీ' అనీ రాసేది ఈ దక్కనీ నోటినుంచి విన్న మాటే. లక్నో నవాబులు ఏమైనా అననీ, తెలుగు లిపి మా పక్షాన ఉంది.) కోస్తా తెలుగు వాళ్లు మా తెలంగాణ తెలుగును చూసి నవ్వారు. ముస్లిం తెలుగు మాట్లాడితే సినిమాలో హాస్యమే - 'నిమ్మల్కి', 'నమ్మల్కి' అని ఎవరూ మాట్లాడని భాష ఒకటి మా నోట్లో పెట్టారు. మూడో మెట్టు మీద ఇంగ్లీషు. మూడు భాషల్లో నవ్వించుకున్నవాడికి నవ్వు ఎట్లా పనిచేస్తుందో బాగా తెలుస్తుంది.

నవ్వు గురించి హైదరాబాదు చరిత్రలో ఒక ఘట్టం ఉంది. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ మహాసభ జరిగింది. కార్వే పండితుడు అధ్యక్షుడు. ఉపన్యాసాలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభ అల్లరి చేసి కూర్చోబెట్టింది. ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. అక్కడి నుంచి ఆంధ్ర మహాసభ దాకా ఎంత చరిత్ర నడిచిందో చదువుకున్నవాళ్లకు తెలుసు. ఇప్పుడు మన కమ్యూనికేషన్ నిపుణులు ఆ సభలో ఉండి ఉంటే ఏం చెప్పేవాళ్లు? రామారావు గారూ, మీ మాతృభాషా ప్రభావం వదిలించుకోండి, అద్దం ముందు నిలబడి మరాఠీ సాధన చేయండి - ఇంతే గదా! అప్పటివాళ్లు రామారావు గొంతులో లోపం వెతకలేదు. సభలో వెతికారు.

అభ్యుదయ మిత్రులతో కూడా ఒక పేచీ ఉంది. ఇంగ్లీషు మాట ఎత్తితే వాళ్లు గూగీని ముందుకు తెస్తారు. 2025లో పోయిన ఆ మహా రచయిత మీద నాకూ గౌరవమే. కెన్యా జైల్లో టాయిలెట్ కాగితం మీద తన గికుయు భాషలో నవల రాశాడు. ఇంగ్లీషును వదిలేస్తున్నానని 1986లో ప్రకటించాడు. కానీ వదిలేయటానికి ముందు అతని దగ్గర ఇంగ్లీషు ఉంది. ఆ నవలను 1982లో తానే ఇంగ్లీషు చేశాడు. వరవరరావు జైల్లో ఉండి దాన్ని తెలుగు చేశారంటే ఆ ఇంగ్లీషు ఉండబట్టే. తన పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో చదివించుకుని, మా పిల్లలకు గూగీని చెప్పేవాళ్లను ఏమనాలి? 2019లో ఆంధ్రలో, 2022లో తెలంగాణలో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మాట వచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని ఏడ్చినవాళ్లలో ఎంతమంది పిల్లలు సర్కారు బడిలో ఉన్నారు? ఇంకో సంగతి. మాతృభాష అనగానే మాకు ఒక ప్రశ్న తిరిగి వస్తుంది - ఏ మాతృభాష? ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, దువాలో అరబ్బీ. బళ్లో తెలుగు కాపాడాలని తెలుగు మిత్రులు, ఉర్దూ పోతే దీన్ పోతుందని మా పెద్దలు. ఇద్దరి మధ్యా పిల్లకు ఇంటర్వ్యూ తారీఖు వచ్చింది.

మా ఇంటి సంగతి దాచిపెట్టి ఎదుటివాళ్లనే అంటే న్యాయం కాదు. 1918లో మొదలైన ఉస్మానియాలో వైద్యం నుంచి ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పారు. దార్-ఉల్-తర్జుమాలో కూర్చుని శాస్త్రాలకు శాస్త్రాలు తర్జుమా చేశారు. దేశభాషలో పైచదువు సాధ్యమేనని చూపించిన గొప్ప పని అది. అందులో కూడా ఇంగ్లీషును తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచారు, అది తెలివి. కానీ ఊరి నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి ఆ ఉర్దూ ఏమిటి? ఈ రోజు మా పిల్లకు ఇంగ్లీషు ఏమిటో, అదే. మా లోపల కూడా ఉంది ఈ నవ్వు. నూర్‌బాషాలు, దూదేకులవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వాళ్ల ఉర్దూను చూసి పెళ్లిళ్లలో పక్కకు తిరిగి నవ్వే షేకులను, సయ్యదులను నేను చూశాను. చిన్నప్పుడు నేనూ నవ్వాను. సర్ సయ్యద్ 1864లో తర్జుమాల సంఘంతో మొదలై 1875లో ఇంగ్లీషు చదువుల కాలేజీ దాకా నడిచాడని మేము గర్వంగా చెప్పుకుంటాం. అది ముఖ్యంగా షరీఫుల పిల్లల కోసం తెరిచిన తలుపు అన్న సంగతి గొంతు తగ్గించి చెప్పుకుంటాం.

మరి ఇంగ్లీషు ఎట్లా వస్తుంది? విమర్శ ఒక్కటే చేసి తప్పుకోవటం నాకిష్టం లేదు, నేను పడ్డ తిప్పలే చెప్తాను.

సెమినార్ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు. హాస్టల్లో మేము నలుగురం తెలుగు మీడియం వాళ్లం ఒక గదిలో చేరాం - కరీంనగర్ నుంచి వచ్చిన ఒక మాల స్నేహితుడు, దేవరకొండ వైపు తండా నుంచి ఒక లంబాడా కుర్రాడు, సిరిసిల్ల నుంచి ఒక పద్మశాలి, నేను. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒకడు ఆ రోజు విన్న పాఠాన్ని ముందు తెలుగులో చెప్పాలి, తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పాలి. నవ్వకూడదు. ఉచ్చారణ దిద్దకూడదు. 'నువ్వు ఏమనదలచుకున్నావు?' అని మాత్రం అడగొచ్చు. ఆ ఒక్క ప్రశ్నకే చెమటలు పట్టేవి. తెలుగులో గలగల పారిన మాట ఇంగ్లీషులో ఆగిపోయిందంటే సగంసార్లు ఇంగ్లీషు రాక కాదు, విషయమే సరిగ్గా అర్థం కాలేదని బయటపడేది.

పుస్తకం ఒక్కటే పట్టుకున్నాం - అంబేద్కర్ 'కులనిర్మూలన'. 1936లో లాహోరు సభ కోసం రాసి, సభవాళ్లు వెనక్కి తగ్గితే సొంతంగా అచ్చు వేసుకున్న ఉపన్యాసం. దాన్ని తెలుగులో ముందే చదివి ఉన్నాం కాబట్టి ఇంగ్లీషులో భయం వేయలేదు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా ముందు తానే చెప్పటం, అందులో ఒప్పుకోదగ్గదాన్ని ఒప్పుకోవటం, ఆ తర్వాత ఒక్కొక్క కారణమే లెక్కబెడుతూ కూల్చటం - ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకంలో లేని వ్యాకరణం అక్కడ కనబడింది. 'మీరన్నది నిజమే, అయితే', 'ఇంతవరకే ఒప్పుకుంటాను', 'ఈ మాటకు ఆధారమేమిటి' - ఇట్లాంటి వాక్యాలు నోటుబుక్కులో రాసుకున్నాం. ఎయిర్‌పోర్టులో దారి అడగటం ఆ తర్వాత దానంతటదే వచ్చింది. ఇప్పటికీ ఎయిర్‌పోర్టుకు వెళ్లే పని ఎక్కువ పడలేదనుకోండి.

మేము గుడ్డిగా చేసిన దానికి పేర్లు ఉన్నాయని తర్వాత తెలిసింది. మద్రాసులో పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణాది మామూలు బళ్లలో ఒక ప్రయోగం చేశాడు. బెంగుళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ సూత్రం చెప్పకుండా, రైల్వే టైంటేబులు ఇచ్చి ఏ బండి ఎక్కితే ముందు చేరతాం అని లెక్క వేయించేవాడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతట అది లోపలికి దిగుతుందని ఆయన వాదం. 1979లోనే జిమ్ కమిన్స్ అనే ఆయన రెండు రకాల భాషను విడదీసి చూపాడు. కబుర్ల భాష వేరు, చదువుల భాష వేరు. కెనడాకు వలస వచ్చిన పిల్లలకు మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడితే, రెండోదానికి కనీసం 5 ఏళ్లు, ఒక్కోసారి 7 ఏళ్లు పట్టింది. మన యూనివర్సిటీలో ఒక్క సెమిస్టరు కమ్యూనికేషన్ క్లాసు పెట్టి, అందులో కూడా మొదటి రకాన్నే నేర్పి, 'అడ్వాన్స్‌డ్' అని పేరు పెడుతున్నారు! ఆ పేరుకు తగిన పని - సెమినార్ పేపరు రాయటం, వైవాలో నిలబడటం, చదివిన వ్యాసంలో లొసుగు పట్టుకోవటం - ఎవరి బాధ్యతా కాదు.

ఉచ్చారణ అసలే పట్టించుకోవద్దని నేననను. ఎదుటివాడికి అర్థం కావాలి. 2000లో జెనిఫర్ జెంకిన్స్ రాసిన పుస్తకం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. ఇంగ్లీషు సొంతభాష కానివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు అర్థాన్ని నిజంగా చెడగొట్టేది ఏదని ఆమె చూసింది. అచ్చుల హ్రస్వ దీర్ఘాలు, వాక్యంలో ఏ మాటను నొక్కుతామన్నది ముఖ్యం. 'థింక్'లో నాలుక పళ్ల మధ్య పెట్టామా లేదా అన్నది కాదు. మాట మొదట్లో ఒక అచ్చు చేర్చటం కంటే ఉన్న హల్లును మింగేయటమే ఎక్కువ చేటు. నా 'ఇస్టేట్'కు 2000లో బెయిలు దొరికింది! అయితే ఇంటర్వ్యూ గదిలో కూచున్నవాళ్లు జెంకిన్స్‌ను చదివి రారు. మన ఇంగ్లీషులూ ఇంగ్లీషులేనని బ్రజ్ కచ్రూ ఎంత రాసినా, కంపెనీవాడు 'న్యూట్రల్ యాక్సెంట్' అనే అడుగుతాడు. అది తెలిసే మాట్లాడుతున్నాను.

ఏడు నెలల తర్వాత ఒక ప్రశ్న అడిగాను. రెండు వాక్యాలు కాగితం మీద రాసుకుని, చేతిలో పెట్టుకుని లేచాను. మళ్లీ 'ఇస్టేట్' అనే వచ్చింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నవ్వటం అయిపోయేదాకా ఆగి, రెండో వాక్యం చదివాను. జవాబు ఏం వచ్చిందో గుర్తు లేదు.

ఇదంతా మా పిల్లకు చెప్పాను. విన్నది. విని, 'మామూ, నీకు నౌకరీ ఉన్నది. నాకు కావాలె' అన్నది. 'పేరు చెప్పంగనే వాళ్ల మొహం చూస్త నేను. ఇంక బీడీలని కూడ చెప్తే?' నా దగ్గర జవాబు లేదు. నీ ఇష్టం అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత నేనే ఊరకే అడిగాను - కార్ఖానావాడు అమ్మీ బీడీలు ఎట్లా చూస్తాడు, అన్ని కట్టలూ విప్పుతాడా? విప్పడు, చేతికొచ్చిన నాలుగైదు తీసి చూస్తాడు, అవి బాగాలేకపోతే మిగతావాటిలో కూడా తీసేస్తాడు అన్నది. అంటూ అంటూ ఆగింది. 'మామూ, ఇది మా పేపర్ల ఉన్నదే' అన్నది. యాక్సెప్టెన్స్ శాంప్లింగ్ అట. ఒక లాట్‌లో కొన్ని తీసి చూసి మొత్తాన్ని ఒప్పుకోవటమో తిప్పికొట్టడమో ఎట్లా నిర్ణయించాలన్న శాస్త్రం. సరుకు చేసినవాడికి అన్యాయం జరిగే అవకాశం ఎంత, కొన్నవాడికి ఎంత అని అందులో రెండు వేరువేరు లెక్కలున్నాయట. చేసినవాడి నష్టానికి ఒక పేరు కూడా ఉందట - ప్రొడ్యూసర్స్ రిస్క్. ఆ పిల్ల ఇదంతా నాకు ఇంగ్లీషులోనే చెప్తున్నదని కొంచెంసేపటికి గాని నేను గమనించలేదు. నడుమ తునికాకు దగ్గర తడుముకుంది. 'టెండూ' అని అందించాను.

ఎర్ర సిరా కాగితం వెనక్కి తిప్పి తెల్ల వైపు గీతలు గీసింది. నాలుగు కట్టలు తీస్తే ఎంత, పది తీస్తే ఎంత. అంకెలు కావాల్సి వచ్చి ఇంటికి ఫోను చేసింది. అమ్మీ, రోజుకు ఎన్ని కట్టలు ఇస్తవు, వాడు ఎన్ని విప్పుతడు, ఎన్ని పారేస్తడు? అవతల మా చెల్లె చేతిలో పని ఆపి ఉండదు, కత్తెర చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

'కైకు గే? కిస్‌కు బోల్నా హై యె సబ్?' అన్నది. ఎందుకే, ఇదంతా ఎవరికి చెప్పాలి అని.

పిల్ల నా వైపు చూసింది. 'పైలె తూ బోల్ అమ్మీ, గిన్‌కే బోల్' అన్నది, పెన్ను పట్టుకుని.